మధ్యాహ్నపు ఆకలి అర్ధరాత్రి వేస్తే

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నాకు 61 ఏళ్లు, మావారికి 67. డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి సెప్టెంబరు 28న కాన్పు తేదీ ఇచ్చారు. తొలి కాన్పు. మేం విమానం ఎక్కడం ఇదే మొదలు. చెన్నైలో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి, దుబాయ్‌లో మారితే, అదే రోజు సాయంత్రం 5 గంటలకు డాలస్‌లో దిగుతామట. 24న దిగేలా టికెట్లు కొంటానని అల్లుడు గారు అంటున్నారు. మావారికి బీపీ, షుగర్ ఉన్నాయి, మాత్రలే, ఇన్సులిన్ లేదు. నాకు థైరాయిడ్. రోజూ నాలుగున్నరకు లేచి, సుప్రభాతం పెట్టుకుని, కాఫీ తాగే మనుషులం. అమెరికా వెళ్లి వచ్చినవాళ్లేమో పది రోజులు మనిషి మనిషిలా ఉండరని భయపెడుతున్నారు. వైకుంఠ ఏకాదశికి రాత్రంతా కంపార్టుమెంటులో కూర్చుని, మర్నాడు ఇంటికొచ్చి పదిమందికి వండినదాన్ని, ఈ జెట్ లాగ్ నాకొక లెక్కా అనిపిస్తోంది. నిద్రమాత్ర వేసుకుని విమానంలో పడుకుంటే సరిపోతుందా? ఇంకొకటి, అమ్మాయి కరివేపాకు తెమ్మంటోంది. తీసుకెళ్లవచ్చా?

జవాబు: అమ్మా, ముందు టికెట్ల సంగతి తేల్చుకుందాం. 24న దిగవద్దు. సెప్టెంబరు మొదటి వారంలోనే దిగేలా చూడమని అల్లుడు గారికి చెప్పండి. డాక్టర్లు తేదీ ఇచ్చినంత మాత్రాన తొలి కాన్పు ఆ రోజే కావాలని లేదు, రెండు వారాలు ముందే రావచ్చు. మీ ఇద్దరి ఒళ్లు డాలస్ వేళలకు అలవాటు పడడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. అది పూర్తికాకముందే నొప్పులు మొదలైతే, ఆస్పత్రిలో కూతురి చేయి పట్టుకోవలసిన వేళకు మీరు కుర్చీలో కూర్చుని తూగుతూ ఉంటారు. సాయం చేయడానికి వెళ్లినవాళ్లను అల్లుడు గారు చూసుకోవలసి వస్తుంది.

ఇక మీ వైకుంఠ ఏకాదశి వాదన. మీ ఓపికను శంకించడం లేదు. కానీ కంపార్టుమెంటులో మీరు పోగొట్టుకున్నది ఒక రాత్రి నిద్ర మాత్రమే. మర్నాడు రాత్రి తొమ్మిదికి పడుకుని తెల్లవార్లూ నిద్రపోతే ఆ బాకీ తీరిపోతుంది, ఎందుకంటే రాత్రి రావలసిన వేళకే వచ్చింది, సూర్యుడు ఉదయించవలసిన వేళకే ఉదయించాడు. జెట్ లాగ్ సంగతి వేరు. విమానంలో పది గంటలు హాయిగా నిద్రపోయి దిగినవాళ్లకు కూడా అది వస్తుంది. అలసట నిద్రతో పోతుంది, జెట్ లాగ్ నిద్రతో పోదు. మీ లోపలి గడియారం తిరుపతిలో ఉండిపోయి, మనిషి ఒక్కరే డాలస్ చేరడం వల్ల వచ్చే చిక్కు ఇది.

లోపలి గడియారం అన్నది మాటవరసకు అన్న మాట కాదు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే భాగంలో, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు కలుసుకునే చోటికి సరిగ్గా పైన, కొన్ని వేల కణాల ముద్దలు రెండు ఉన్నాయి. నిద్ర ఎప్పుడు రావాలి, ఒంటి వేడి ఎప్పుడు తగ్గాలి, ఆకలి ఎప్పుడు వేయాలి, కడుపు ఎప్పుడు కదలాలి అన్నవాటికి వేళలు పెట్టేది అవే. కణం లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధన చేసి కనిపెట్టినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికన్లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ గడియారానికి ముల్లు సరిచేసేది ప్రధానంగా కంటిలో పడే వెలుతురు. మాత్ర కాదు, కాఫీ కాదు, విశ్రాంతి అసలే కాదు. రోజుకు గంట, మహా అయితే గంటన్నర మేరకు అది జరుగుతుంది. అంతకంటే తొందరపెట్టలేం.

డాలస్ వేళ సెప్టెంబరులో మనకంటే పదిన్నర గంటలు వెనక. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి, అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా పదకొండున్నర గంటలు. దీన్ని మీ దినచర్యకు అన్వయించి చూడండి. దిగిన రోజు సాయంత్రం 5 గంటలకు, అక్కడ ఇంకా ఎండ కాస్తుండగా, మీ ఒంటికి తెల్లవారుజామున మూడున్నర. గాఢనిద్ర వేళ. అమ్మాయి ఏడు గంటలకు భోజనానికి పిలిస్తే ముద్ద దిగదు, అయిదున్నరకు ఎవరికి ఆకలి వేస్తుంది? కడుపు మాత్రం ఆ వేళకే స్నానాల గది దారి పట్టిస్తుంది. రాత్రి 2 గంటలకు, అమ్మాయి ఇంటి నిండా చీకటిగా ఉన్నప్పుడు, మీ ఒంటికి మధ్యాహ్నం పన్నెండున్నర. పప్పు, చారు, పెరుగన్నం కావాలని కడుపు గోల చేస్తుంది. మీ పరిచయస్తులు చెప్పిన పది రోజుల అవస్థ చాలావరకు ఇదే. జబ్బు కాదు, ప్రమాదం కాదు. కారణం తెలిసి ఉంటే భయం సగం తగ్గుతుంది.

ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి ఆలస్యంగా పడుకుని అలవాటు చేసుకోవాలని కొందరు సలహా ఇస్తారు. రెండు మూడు గంటల తేడా ఉన్న ఊళ్లకు అది పనికొస్తుందేమో. పదిన్నర గంటల తేడాకు మీరు తిరుపతిలోనే నిద్ర చెడగొట్టుకోవడం నాకు నచ్చదు. దానికి బదులు బయలుదేరే ముందు వారం కడుపునిండా నిద్రపోండి. మన ఊళ్లో సరిగ్గా ఆ వారమే అన్నీ పెట్టుకుంటారు. బంధువుల భోజనాలు, అర్ధరాత్రి దాకా పెట్టెలు సర్దడం, పైగా ముందు రోజు అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి దర్శనం. కొండకు పది రోజుల ముందే వెళ్లి రండి. మోకాళ్ల నొప్పులతో పదహారు గంటలు సీట్లో కూర్చోవడం ఎవరికీ మంచిది కాదు.

విమానం తెల్లవారుజామున 4కి అంటే విమానాశ్రయంలో ఒంటి గంటకల్లా ఉండాలి. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా కారులో మూడున్నర, నాలుగు గంటలు వేసుకున్నా, తిరుపతిలో రాత్రి తొమ్మిదికి బయలుదేరితే చాలని మీవాళ్లు అంటారు. వినవద్దు. మధ్యాహ్నం భోంచేసి బయలుదేరండి. మీనంబాక్కం దగ్గర ఏదైనా గదిలోనో, చెన్నైలో తెలిసినవాళ్ల ఇంట్లోనో సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా నడుం వాల్చండి. ఆ అయిదు గంటలకు పెట్టే ఖర్చు ఈ ప్రయాణం మొత్తంలో మీరు పెట్టే ఖర్చుల్లో మంచిది. సాగనంపడానికి వ్యాను నిండా జనం రానక్కర్లేదని కూడా నా మాటగా చెప్పండి.

టికెట్లు కొన్నప్పుడే మూడు పనులు చేయించండి. ఇద్దరికీ వీల్‌చెయిర్ సాయం అడగండి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. నడవగలిగినవాళ్లం మాకెందుకు అనుకోకండి, దుబాయ్‌లాంటి చోట ఒక గేటు నుంచి మరో గేటుకు దారి చూపే మనిషి దొరకడమే దాని అసలు ఉపయోగం. రెండోది, ఇద్దరికీ నడవ వైపు సీట్లు. మూడోది భోజనం. మీరు శాకాహారులైతే ‘హిందూ భోజనం’ అని పెట్టించకండి. విమానాల వాళ్ల లెక్కలో అది చాలాసార్లు మాంసం ఉన్న భోజనమే, గొడ్డుమాంసం మాత్రం ఉండదు. ‘ఏషియన్ వెజిటేరియన్’ అని పెట్టించాలి. అది కూడా ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందే చెప్పి ఉండాలి. ఎందుకైనా మంచిది, ఇంటి నుంచి పుల్కాలో పులిహోరో చేతి సంచిలో పెట్టుకోండి, మిగిలితే డాలస్‌లో దిగకముందే తినేయండి.

దుబాయ్‌లో మూడు గంటలకు పైగా వ్యవధి ఉంటుంది. కూర్చోకండి, నడవండి. అక్కడి నుంచి ఉదయం పదింటికి రెండో విమానం ఎక్కేటప్పటికి డాలస్‌లో అర్ధరాత్రి దాటి ఒంటి గంట. అందుకే ఆ విమానంలో మొదటి ఏడెనిమిది గంటలు నిద్రకు, మిగతా సగం మెలకువకు అని పెట్టుకోండి. ఎక్కగానే చేతి గడియారాన్ని డాలస్ వేళకు తిప్పేయండి. మొదటి భోజనం తేలికగా తిని కళ్లకు గంతలు కట్టుకోండి, ముందు రాత్రి నిద్ర సరిగా లేదు కాబట్టి కునుకు పడుతుంది. పట్టకపోయినా కళ్లు మూసుకుని ఉండండి. రెండో సగంలో లేచి, దీపం వేసుకుని కూర్చోండి, నడవండి, పక్కవాళ్లతో మాట్లాడండి. మీరు సూర్యుడితో పాటు పడమటికి వెళుతుంటారు, దారి పొడుగునా బయట పగలే ఉంటుంది. ఆ తేదీ మీకు 24 గంటలు కాదు, 34న్నర గంటలు.

నిద్రమాత్ర వద్దు. మత్తులో ఒకే భంగిమలో గంటల తరబడి కదలకుండా పడి ఉంటే పిక్కల్లోని సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. మామూలుగా కూర్చున్నా, నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో ఆ ప్రమాదం రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరిశోధనలో తేలింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో రెట్టింపు అయినా సుమారు ఆరు వేల మందిలో ఒకరికి మాత్రమే, కాబట్టి బెదిరిపోకండి. మెలకువగా ఉన్నంతసేపూ గంట గంటన్నరకు ఒకసారి లేచి నడవండి. కూర్చున్నప్పుడు మడమలు నేలకు ఆన్చి వేళ్లు పైకెత్తడం, వేళ్లు ఆన్చి మడమలు ఎత్తడం ఇరవైసార్లు చేయండి. పాదాలు రెండూ కాస్త ఉబ్బితే అది మామూలే, పడుకుంటే తగ్గుతుంది. ఒకే కాలు వాచి, పిక్క నొప్పి పెడితే, లేదా ఊపిరి అందకపోతే, అది విమానం దిగిన వారం తర్వాతైనా సరే, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇద్దరిలో ఎవరికైనా ఇటీవల ఆపరేషన్ జరిగినా, ఇదివరకు కాలిలో రక్తం గడ్డకట్టి ఉన్నా, బయలుదేరే ముందే మీ డాక్టరుకు చూపించుకోండి.

నీళ్ల గురించి ఒక మాట, ఇది ముఖ్యంగా మీకు. విమానంలో గాలి చాలా పొడిగా ఉంటుంది. పైగా లోపలి గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తు మీద ఉన్నట్టు ఉంటుంది, అంటే తిరుమల కొండకు రెట్టింపు ఎత్తున, దాదాపు ఊటీలో కూర్చున్నట్టు. గొంతు, కళ్లు, చర్మం ఎండిపోతాయి. అయినా మన ఆడవాళ్లు చాలామంది విమానంలో నీళ్లు తాగరు, ఆ ఇరుకు మరుగుదొడ్డికి వెళ్లడానికి మొహమాటపడి, భయపడి. తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట అన్నీ అక్కడే మొదలవుతాయి. తలుపు ఎలా మూయాలో, నీళ్లు ఎలా వదలాలో మొదటిసారి విమాన సిబ్బందిని అడగండి, చూపిస్తారు. మరుగుదొడ్డికి లేచిన ప్రతిసారీ నడక కూడా అయిపోతుంది.

ఇప్పుడు మందులు. మీ థైరాయిడ్ మాత్ర గురించి దిగులు వద్దు. ఆ మందు ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది, వేళ కొన్ని గంటలు అటూ ఇటూ అయితే ఏమీ కాదు. దిగిన మర్నాటి నుంచి డాలస్ ఉదయం పరగడుపున వేసుకోండి. మీవారి సంగతి అలా కాదు. షుగర్ మాత్రల్లో గ్లిమెపిరైడ్ రకానివి తిండి తిన్నా తినకపోయినా షుగర్‌ను దించుతాయి. డాలస్‌లో మొదటి రాత్రి ఏం జరుగుతుందో ఊహించండి. వేళ అయిందని ఆయన మాత్ర వేసుకుంటారు. ఆకలి లేక రెండు ముద్దలు తిని లేస్తారు. పదకొండింటికి చెమటలు, వణుకు, అయోమయం. ఇంట్లోవాళ్లు ప్రయాణ బడలిక అనుకుని పడుకోనిస్తారు. అందుకని ఆ వారమంతా కంచంలో అన్నం సగమైనా తిన్నాకే మాత్ర అన్న పద్ధతి పెట్టుకోవచ్చా అని ఆయన డాక్టరును అడగండి. ప్రయాణం 24 గంటల్లో ఏ మాత్ర ఎప్పుడు వేయాలో కూడా ఆ డాక్టరు చేతనే, భారత కాలమానంలో, ఒక కాగితం మీద రాయించుకోండి. బీపీ మాత్ర కూడా అందులోకే వస్తుంది. షుగర్ చూసే మిషను, నాలుగు చక్కెర పొట్లాలు ఆయన జేబులో ఉండాలి, పై అరలో కాదు. మందులన్నీ చేతి సంచిలోనే, అసలు అట్టలతో, ఇంగ్లిషులో రాసిన చీటీతో. వెళ్లేముందు ప్రయాణ బీమా తీసుకోండి, ఉన్న జబ్బులు దాచకుండా రాయండి.

దిగాక చేయవలసినది చెప్పడం తేలిక, చేయడం కష్టం. సాయంత్రం 5కి దిగి, ఇమిగ్రేషన్ ముగించుకుని ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. కళ్లు మూతలు పడుతుంటాయి. స్నానం చేసి, కొంచెం పెరుగన్నం తిని, ఎలాగోలా తొమ్మిది దాకా ఆగండి. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, వస్తుందని ముందే అనుకుని పడుకోండి. ఆకలేస్తే ఒక అరటిపండో, గ్లాసు మజ్జిగో. వంటింటి దీపాలన్నీ వేసి ఉప్మా చేసుకుని కూర్చుంటే, ఇది మధ్యాహ్నమే అని మీ గడియారానికి మీరే సాక్ష్యం చెప్పినట్టు. ఫోను చూడవద్దు. మన ఊళ్లో ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, అంటే వాట్సాప్‌లో శుభోదయం బొమ్మలు వెల్లువెత్తే వేళలో, అక్కడ రాత్రి తొమ్మిది నుంచి పదకొండు. ఫోను నోరు తొమ్మిదికే నొక్కేయండి. క్షేమంగా చేరామని ఒక్క సందేశం పంపితే చాలు, అందరి ఫోన్లూ ఎత్తనక్కర్లేదు.

పగలు బయట ఉండండి. నేను చెప్పే వైద్యం అంతా ఇదే. ముఖ్యంగా మధ్యాహ్నం నుంచి సూర్యాస్తమయం దాకా. మీ గడియారం వెనక్కి జరగాలి, దాన్ని వెనక్కి నెట్టేది ఒంటికి ‘రాత్రి’ మొదటి సగం అయిన వేళల్లో పడే వెలుతురు. డాలస్ మధ్యాహ్నం మీకు సరిగ్గా ఆ వేళే, గడియారం జరిగేకొద్దీ సాయంత్రం కూడా. మొదటి నాలుగు రోజులు వాటిని వృథా చేసుకోకండి. సెప్టెంబరులో అక్కడ ఏడున్నర దాకా వెలుగు ఉంటుంది, ఎండ తిరుపతి మనుషులకు కొత్తేమీ కాదు. ఇంట్లో కిటికీ పక్కన కూర్చోవడం చాలదు, గడప దాటాలి. పగటి కునుకు అరగంట, అదీ మూడింటిలోపు, అలారం పెట్టుకుని. కాఫీ మధ్యాహ్నం పన్నెండు తర్వాత వద్దు, తాగిన అయిదారు గంటలకు కూడా అందులోని కెఫీన్ సగం ఒంట్లోనే ఉంటుంది.

మెలటోనిన్ అనే మాత్ర అమెరికాలో చీటీ లేకుండానే అమ్ముతారు, అల్లుడు గారు తెచ్చి పెడతారు. అది నిద్రమాత్ర కాదు, చీకటి పడిందని ఒంటికి కబురు చెప్పే హార్మోను. డాలస్‌లో పడుకునే వేళకు అర నుంచి మూడు మిల్లీగ్రాములు, నాలుగైదు రాత్రులు వాడవచ్చు. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు. షుగర్, బీపీ ఉన్నాయి కనుక మీవారికి ఇవ్వాలా వద్దా అన్నది ఇక్కడి డాక్టరునే అడిగి వెళ్లండి. వెలుతురు వైద్యం చేయకుండా మాత్ర మీద ఆధారపడితే పెద్ద ఫలితం ఉండదు.

మీ అల్లుడు గారు 24 అని ఎందుకు అన్నారో నాకొక అనుమానం. ‘అత్తయ్యకు రాత్రిళ్లు ఎలాగూ నిద్ర పట్టదు, పాపను చూసుకుంటుంది’ అని లెక్క వేసుకునే ఇళ్లు ఉన్నాయి. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ రాత్రంతా దీపాల కింద బిడ్డను ఎత్తుకుని, పగలు పడుకుంటే మీ గడియారం నెలైనా తిరుపతి వదలదు. అంతకంటే ముఖ్యం, జెట్ లాగ్‌లో నిద్ర చెప్పకుండా ముంచుకొస్తుంది. సోఫాలో పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని తూగడం బిడ్డ ప్రాణానికే ముప్పు. తూగు వస్తున్నదనిపిస్తే వెంటనే బిడ్డను ఉయ్యాల మంచంలో వెల్లకిలా పడుకోబెట్టండి, మొహమాటపడకుండా ఇంకొకరిని లేపండి.

తిరుగు ప్రయాణం ఇంతకంటే కాస్త కష్టంగా ఉంటుంది. మనిషి లోపలి గడియారం సహజంగా 24 గంటలకంటే కొద్ది నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది, కాబట్టి రోజును పొడిగించడం దానికి తేలిక, కుదించడం కష్టం. అందుకే తూర్పుకు వచ్చినవాళ్లు ఎక్కువ బాధపడతారు. రెండు వారాలు ఏ పెళ్లీ, ఏ వ్రతమూ పెట్టుకోకండి. చూడడానికి వచ్చేవాళ్లను సాయంత్రం కాకుండా మధ్యాహ్నం రమ్మనండి, పగలు తలుపులు మూసుకుని పడుకునే అవకాశం వాళ్లే లేకుండా చేస్తారు. మీవారు మొదటి వారం స్కూటరు తీయకూడదు.

ఇక కరివేపాకు. తీసుకెళ్లకూడదు. నిమ్మ, నారింజ చెట్లను చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి, పచ్చి ఆకును అమెరికాలోకి రానివ్వరు. పచ్చి పండ్లు, కూరగాయలు, మొక్కలు కూడా పెట్టుకోవద్దు. లడ్డూలు, పొడులు, ఊరగాయలు ఏవి తీసుకెళ్లినా అడిగినప్పుడు ఉన్నాయని చెప్పండి, చెప్పి చూపిస్తే మహా అయితే తీసేసుకుంటారు, దాచి దొరికితే జరిమానా. అమ్మాయికి కరివేపాకు డాలస్‌లోని మన సరుకుల దుకాణాల్లోనే దొరుకుతుంది.